గయానా డీన్‌గారి మౌన దీక్ష

బందులు మీరూ చూశారు, నేనూ చూశాను. పెళ్లికొడుకు చెప్పులు చేతబట్టుకొని మండపానికి నడిచిపోయిన బందులు చూశాం. ఊరేగింపులో దేవుడు కూడా నడిరోడ్డు మీద ఆగి, దారి ఇస్తే పోదామని ఎదురుచూసిన బందులు చూశాం. కానీ దక్షిణ అమెరికా నుంచి విమానాలు మారి మారి వచ్చిన ఒక మెడికల్ కాలేజీ డీన్‌ను, ఆయనకే తెలియకుండా, తెలంగాణ కోసం మౌన దీక్షలో కూర్చోబెట్టిన బందు ప్రపంచ చరిత్రలో ఒక్కటే ఉంది. అది కోరుట్ల చౌరస్తాలో జరిగింది. ఆ ఘనకార్యం చేసింది నేనే. చదువుతూ పొండి. నా పరువు ఎక్కడెక్కడ రాలిపడిందో మీరు వెతుక్కోనక్కర్లేదు, నేనే ఏరి వరుసగా పెట్టాను.

ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులవి. కాలేజీలు ఎప్పుడు తెరుస్తారో, పరీక్షలు ఎప్పుడు పెడతారో పెట్టేవాళ్లకే తెలియదు. పిల్లలంతా రోడ్ల మీదే ఉన్నారు. అప్పటికి నాకు వయసు తక్కువ, ధైర్యం ఎక్కువ, జ్ఞానం అసలు లేదు. కోరుట్ల బస్టాండు పక్క సందులో, గల్ఫు ఏజెంట్ల ఆఫీసుల నడుమ, మెట్లెక్కితే ఊగే ఒక గదిలో నా ఆఫీసు. బయట బోర్డు: ‘గయానాలో ఎంబీబీఎస్’. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ సారు ఉండేవాడు. ఆయనకు నేను ఈ ప్రాంతపు ఏజెంటును.

గయానా అంటే దక్షిణ అమెరికాలో చిన్న దేశం. అక్కడ ఇంగ్లీషు మాట్లాడతారు, డాక్టరు చదువూ ఇంగ్లీషులోనే చెబుతారు, మన పిల్లలను రమ్మంటారు. ఈ మూడు ముక్కలు చెప్పి ఊరుకుంటే నేను మనిషినయ్యేవాణ్ని. నేను ఏజెంటును. కాబట్టి సముద్రం నీలంగా ఉంటుందనీ, కాలేజీ గోల్కొండ కోటంత ఉంటుందనీ, గాలి పీల్చుకుంటే సగం జబ్బులు వాటంతటవే పోతాయనీ కరపత్రంలో అచ్చు వేయించాను. జబ్బులే లేని దేశంలో డాక్టర్లెందుకని ఎవరూ అడగలేదు. అడిగినవన్నీ వేరే ప్రశ్నలు.

కోరుట్లకు పరదేశం అంటే గల్ఫే. ఒక ముసలాయన మనుమడి కోసం వచ్చి నన్ను సోదా చేశాడు.

“కంపెనీ వీసానా, ఆజాద్ వీసానా?”

“సదువుకునే వీసా తాతా.”

“రూము కంపెనీదేనా?”

“కంపెనీ ఉండదు తాతా, కాలేజీ ఉంటది.”

“మరి కఫీల్ ఎవలు?”

ఆజాద్ వీసా అంటే గల్ఫుకు పోయాక పని తానే వెతుక్కునేది, కఫీల్ అంటే అక్కడ పనివాడికి జిమ్మేదారుగా ఉండే అరబ్బు యజమాని. గయానాలో కఫీల్ ఉండడని చెప్పాను. ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. కఫీల్ లేని దేశాన్ని ఆయన దేశంగా ఒప్పుకోలేదు. దిగిపోతుంటే మెట్లు కూడా ఆయన పక్షానే ఊగాయి.

అసలు చిక్కు జమీల్ భాయ్. బస్టాండు ఎదురుగా గడియారాలు బాగుచేసే దుకాణం ఆయనది. వయసులో ఉన్నప్పుడు ఒక ఏజెంటు ఆయనను గడియారాల షాపులో పని అని నమ్మించి గల్ఫుకు పంపాడు. పోయి చూస్తే ఎడారి, గొర్రెలు. టైము చూడడానికి సూర్యుడు తప్ప ఇంకో గడియారం లేదు. నానా తిప్పలు పడి తిరిగొచ్చాక ఆయనే ఊరికి కొలబద్ద అయ్యాడు. ఏ ఏజెంటునైనా నమ్మాలా వద్దా అంటే, అందరూ ఒకసారి ఆయన దుకాణం ముందు ఆగి ఆయన ముఖం చూసి పోయేవాళ్లు. నా సంగతి అడిగితే ఆయన భూతద్దం కంటికి పెట్టుకొని, ఏమీ అనకుండా ఇంకో గడియారం విప్పేవాడట. అంతే, ఆ పిల్లవాడు నాకు దక్కేవాడు కాదు.

ఆయన బిడ్డ సబీహా ఇంటర్‌లో బైపీసీ చదివింది. ఇక్కడ డాక్టరు సీటు వెంట్రుకవాసిలో తప్పిపోయింది. దుకాణంలో కౌంటరు వెనుక కూర్చొని, టిక్‌టిక్‌ల మధ్య పుస్తకం నుంచి తల ఎత్తకుండా చదివే పిల్ల. గయానా సంగతి నాకంటే ఎక్కువ చదివి పెట్టుకుంది. తండ్రిని అడిగింది. ఆయన నన్ను పిలిపించి ఒకే మాట చెప్పాడు.

“రాజేశం, నీ కాయితాలు నాకొద్దు. గా కాలేజీ మనిషిని తెచ్చి నా ముందట కూసోబెట్టు. ఆయన కండ్లల్లకు సూసి అడుగుత. గప్పుడు చెప్త పంపుడో వద్దో.”

నేను దుకాణం దిగుతుంటే సబీహా వెనుకనే వచ్చింది. “అన్నా, ఎట్లన్న జేసి గా సారును పట్కరా. అబ్బా ఒకసారి వద్దన్నడంటే మల్ల అవుననుడు నేను పుట్టినంక సూడలే” అంది.

అదృష్టం చూడండి, ఆ కాలేజీ డీన్ డాక్టర్ రామ్‌దీన్ అప్పుడే మన దేశం వస్తున్నాడు. హైదరాబాద్ సారు బతిమాలించుకొని, బతిమాలించుకొని కోరుట్లకు ఒక్క రోజు ఇచ్చాడు. మరునాడే ఆయన విమానం. ఆ ఒక్క రోజులో జమీల్ భాయ్ తల ఊపాలి. ఊపితే ఆ పిల్ల డాక్టరు, ఊపకపోతే ఆ పిల్ల కౌంటరు.

ఇక్కడే నా బుర్ర పని చేయడం మొదలుపెట్టింది. అది పని చేసినప్పుడల్లా ఊరికి నష్టమే.

తెలంగాణలో ఏ పెద్దమనిషి వచ్చినా ముందు ఫ్లెక్సీ వస్తుంది, తర్వాత మనిషి వస్తాడు. జగిత్యాలకు పోయాను. ఫ్లెక్సీలు కొట్టేవాడు పేరు టైపు చేసి ఫోటో అడిగాడు. ఫోటో ఎవరూ పంపలేదని చెప్పాను.

“ఫోటో లేకుంటే మనిషి అచ్చినట్టెట్లయితదన్నా?” అన్నాడు వాడు. న్యాయమైన ప్రశ్న.

ఇద్దరం కంప్యూటర్లో వెతికి ఒక విదేశీ డాక్టరు బొమ్మ పట్టాం. పాలలో నానబెట్టి, పాలతోనే కడిగి, పాలపొడి అద్దినట్టున్నాడు. నీలం కళ్లు, బంగారు జుట్టు, మెడలో స్టెతస్కోపు. ఆయన కింద ‘డాక్టర్ రామ్‌దీన్’ అని తెలుగులో, ఇంగ్లీషులో రాయించాను. పేరు చూసైనా అనుమానం రాలేదా అని మీరంటారు. వచ్చింది. అంత దూరదేశంలో ఎవరు ఏ పేరు పెట్టుకుంటారో మనకెందుకని సర్దుకున్నాను. ఆ ఫ్లెక్సీ ఎంత పెద్దదంటే, కోరుట్ల చౌరస్తాలో కడితే మెట్‌పల్లిలో ఎండబెట్టిన పసుపుకు నీడ తగిలిందని రైతులు కొట్లాటకు వచ్చారు. ఊరంతా తెల్లాయన ముఖం చూసి మురిసిపోయింది. జమీల్ భాయ్ మాత్రం కింద నిలబడి చాలాసేపు చూసి, “సూద్దాం” అన్నాడు.

డీన్ వచ్చే రోజు పొద్దునే బందు పిలుపు పడింది. హైదరాబాద్ కారువాడు డీన్‌ను సిరిసిల్ల దాకా తెచ్చి, ఒక టీ హోటలు ముందు దింపి, అద్దాలు పగలకముందే వెనక్కి తిప్పుకున్నాడు. నేను స్నేహితుడి కారు అడుక్కొని, సందుల గుండా సిరిసిల్లకు చేరాను. హోటలు ముందు తెల్లాయన లేడు. మూల బెంచీ మీద ఒకాయన సాసరులో టీ పోసుకొని ఊదుకుంటూ తాగుతున్నాడు. నేరేడుపండుకు దగ్గర చుట్టం లాంటి రంగు, నూనె పెట్టి దువ్విన జుట్టు, బెల్టును లెక్క చేయని పొట్ట. మార్కెట్ యార్డులో పసుపు వేలం పాడే సేటుకు కవల పుడితే ఇలాగే ఉంటాడు.

“కాకా, ఇక్కడ ఒక తెల్లాయన కనవడ్డడా?” అని అడిగాను.

ఆయన లేచి నిలబడి, చేయి చాచి, చక్కని ఇంగ్లీషులో తానే డాక్టర్ రామ్‌దీన్‌నని చెప్పాడు. మా ముత్తాతలు మీ దేశం నుంచే పోయారు అని కూడా అన్నాడు. నాకేమీ వినిపించలేదు. నా కళ్ల ముందు కోరుట్ల చౌరస్తాలో నీలం కళ్లు తెరుచుకొని నవ్వుతున్న ఆ ఫ్లెక్సీ తప్ప ఇంకేమీ లేదు. తీసుకుపోతే ఊరు నన్ను తంతుంది. తీసుకుపోకపోతే సబీహా చదువు ఇక్కడే ఆగిపోతుంది. కారు తిప్పాను. ఫ్లెక్సీని దారిలో ఏ గాలిదుమారమైనా ఎత్తుకుపోవాలని వేములవాడ రాజన్నకు మొక్కుకున్నాను.

సిరిసిల్ల దాటామో లేదో రోడ్డుకు అడ్డంగా టైర్లు కాలుతున్నాయి. పక్కనే వంటావార్పు: రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని నిరసన చెప్పడం. మగ్గాలు బందు పెట్టి వచ్చిన నేతన్నలు, కాలేజీ పోరగాళ్లు, గంటెలు పట్టుకున్న ఆడవాళ్లు. ఒక పోరడు కట్టెతో నా కారు బానెట్ మీద తట్టాడు.

“ఎటు పోతుర్రే? బందని తెల్వదా?”

“తెల్సు తమ్మీ. జర అర్జెంటున్నది.”

“ఎన్క సారెవలు?”

నిజం చెప్పొచ్చు. చెబితే, ఇక్కడ మా చదువులు మట్టి కొట్టుకుపోతుంటే మీరు పరదేశం సీట్లమ్ముకుంటున్నారా అని కారు వెనక్కి తిప్పుతాడు. ఆయన మా చుట్టం అని చెప్పొచ్చు. చెబితే ఆయనను పలకరిస్తాడు. ఆయన ఇంగ్లీషు మాట్లాడతాడు. అద్దంలో చూశాను. డీన్‌గారు నోరు మూసుకొని, చిరునవ్వుతో కిటికీలోంచి చూస్తున్నాడు. ఆ మూసిన నోరు చూడగానే నాకు జ్ఞానోదయం అయింది.

“సారు మౌన దీక్షల ఉన్నడు” అన్నాను.

“ఎందుకు?”

“తెలంగాణ కోసం.”

“ఎన్నొద్దులు?”

ఇంకెవరైనా అయితే ఇయ్యాల్టికే అని సరిపెట్టేవారు. నా నాలుక నా అదుపులో ఏనాడుంది గనక. “తెలంగాణ అచ్చేదాక నోరు తెరువడు” అని అంది అది.

పోరడి చేతిలో కట్టె దిగిపోయింది. వెనుక ఉన్న ముసలవ్వ గంటె పక్కన పెట్టి చేతులు జోడించింది. ఎవరో బంతిపూల దండ తెచ్చారు. వాళ్లు తలుపు తీసేలోగా నేను వెనక్కి తిరిగి, మా ప్రాంతంలో ముఖ్య అతిథి వేదిక ఎక్కేదాకా ఒక్క మాటా మాట్లాడకూడదనీ, అది చాలా పాత ఆచారమనీ డీన్‌గారికి ఇంగ్లీషులో గుసగుసగా చెప్పాను. ఎంత పాతదని ఆయన ఆసక్తిగా అడిగాడు. అప్పుడే పుట్టిన దానికి వయసు చెప్పడం కష్టం. కొన్ని వేల ఏళ్లదన్నాను. ఆయన గౌరవంగా తల ఊపి, పెదవులు బిగించి, దండ వేయించుకున్నాడు.

దించి రోడ్డు మీద విస్తరి ముందు కూర్చోబెట్టారు. దీక్ష నోటి మాటకే గాని నోటి ముద్దకు కాదు గదా అని తీర్పు చెప్పింది ముసలవ్వ. అన్నం, ముద్దపప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు. డీన్‌గారు చేత్తో కలుపుకొని మొదటి ముద్ద పెట్టుకున్నాడు. ఆగిపోయాడు. కళ్లు చెమర్చాయి. ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. నేను ఎగిరి పచ్చిపులుసు గ్లాసు ఆయన నోటికి అడ్డం పెట్టాను.

“పాపం, మాట్లాడాల్నని పానం కొట్టుకుంటున్నట్టున్నది పెద్దమనిషికి. ఎంత ఓర్సుకుంటుండో సూడు” అంది అవ్వ పక్కామెతో. ఆమె కొంగుతో కళ్లద్దుకుంది.

ఇక ఆ తర్వాత మాకు ఏ రోడ్డూ అడ్డం రాలేదు. మా కంటే ముందు సెల్‌ఫోన్లు పరుగెత్తాయి. వేములవాడలో కొబ్బరికాయలు కొట్టారు. ఊరూరా టైర్లు పక్కకు లాగి హారతులు పట్టారు. దారి పొడుగునా ఆయన చరిత్ర కూడా పెరిగింది. రుద్రంగిలో ఆయన రిటైరైన పంతులు. కథలాపూర్‌లో నౌకరి మొఖాన కొట్టి వచ్చిన తహసీల్దారు. కోరుట్ల పొలిమేరకు వచ్చేసరికి పుట్టినప్పటి నుంచే మాట్లాడని యోగి. ఆయన మాత్రం రెండు చేతులూ జోడించి, మా దేశపు అతిథి మర్యాదకు పొంగిపోతూ వచ్చాడు. ఇన్ని దండలు వేస్తే ఎవరైనా పొంగుతారు. నేను మాత్రం కోరుట్ల దగ్గరపడ్డ కొద్దీ కుంచించుకుపోయి, చివరికి స్టీరింగు కింద నుంచి నడిపాను.

గాలిదుమారం రాలేదు. చౌరస్తాలో ఫ్లెక్సీ దర్జాగా వేలాడుతూనే ఉంది. సరిగ్గా దాని ఎదురుగా రిలే దీక్షా శిబిరం. నేను మీటింగు పెట్టిన ఫంక్షన్ హాలుకు బందు వల్ల తాళం వేశారు కాబట్టి, తల్లిదండ్రులంతా ఎండకు ఆ శిబిరం టెంటు కిందికే చేరారు. ముందు వరుసలో జమీల్ భాయ్, పక్కన సబీహా.

శిబిరానికి పెద్ద గంగారెడ్డి పటేల్. మల్లాపూర్ వైపు భూములున్న మనిషి. కళ్లద్దాల పై నుంచి ఆయన చూస్తే పారిపోతున్న బర్రె కూడా ఆగి, ఏమన్నారని అడుగుతుంది. ఆయన స్వయంగా ఎదురొచ్చి డీన్‌గారి భుజాలు పట్టుకొని, నడిపించుకొని పోయి వేదిక మీద మధ్య కుర్చీలో కూర్చోబెట్టాడు. జనం నినాదాలతో టెంటు గుంజలు ఊగాయి.

జమీల్ భాయ్ నా మోచేయి పట్టుకున్నాడు. “నీ తెల్లాయన ఏడి రాజేశం?”

“ఎన్క కారుల అస్తుండు భాయ్.”

“ఎన్క ఏ కారు రాదు. అంతట బందున్నది.” ఆయన గొంతు పెంచలేదు. “నా బిడ్డ పొద్దున్నుంచి నీళ్లు సుత తాగకుండ కూసున్నది. నిజం చెప్పు. అస్తుండా, లేదా?”

సబీహా వైపు చూడలేకపోయాను. ఒళ్లో పుస్తకం పట్టుకొని ఆ పిల్ల నన్నే చూస్తోంది. నవ్వులాటంతా అక్కడ గడ్డకట్టింది. ఏదో చెప్పబోయాను. అంతలో వేదిక మీద డీన్‌గారు తల ఎత్తి ఎదురుగా ఫ్లెక్సీ చూశాడు. కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చూశాడు. వేదిక ఎక్కేశాడు కాబట్టి నా వేల ఏళ్ల ఆచారం ఆయన లెక్కలో తీరిపోయింది. లేచి నిలబడి, నిండు గొంతుతో, తన పేరు తగిలించుకున్న ఆ అందగాడెవరని ఇంగ్లీషులో నన్ను అడిగాడు.

చౌరస్తాలో జనం ఎత్తిన పిడికిళ్లు దించారు.

“మౌనం ఇడిసిండు” అన్నారెవరో.

“ఇంగ్లీషుల ఇడిసిండు” అన్నారింకొకరు.

“మంచిదేనాయె. ఢిల్లోల్లకు సమజైతది” అని వెనుక నుంచి ఒక ముసలాయన సమర్థించాడు.

గంగారెడ్డి పటేల్ కళ్లద్దాల పై నుంచి నా వైపు చూశాడు. “రాజేశం, తెలంగాణ అచ్చిందా?”

“రాలే పటేలా.”

“నాకు సెప్పకుండ అచ్చిందేమో అనుకున్న. మరి ఈయన నోరెందుకు తెరిసిండు?”

పరుగున పోయి ఆయన చెవిలో మొత్తం ఒకే ఊపిరిలో కక్కేశాను. ఫ్లెక్సీ, ఫోటో, టైర్లు, దీక్ష, ఆచారం, పచ్చిపులుసు. ఆయన కళ్లద్దాలు తీసి కండువాతో చాలాసేపు తుడిచాడు. పొట్ట కదులుతోంది. కోపమో నవ్వో తెలియదు. వెనుక పోరగాళ్లు నన్ను చూస్తూ చొక్కా చేతులు మడుస్తున్నారు. పటేల్ కళ్లద్దాలు పెట్టుకొని జనం వైపు తిరిగాడు.

“ఇది రిలే శిబిరం. ఒకలు లేస్తే ఇంకొకలు కూసోవాలె. దండ కింద పడొద్దు. గీ సారు మాట్లాడాల్నట. మాట్లాడనిద్దాం. ఆయన మౌనం రాజేశం మీదికి అస్తది. పొద్దుగూకేదాక నోరు తెరిసిండా, గా పోరగాండ్లకు అప్పజెప్త.”

రిలే దీక్షలో ఒకరి మెడలోని దండ తీసి తర్వాతి వాళ్ల మెడలో వేసి కూర్చోబెట్టడం రివాజు. సిరిసిల్ల నుంచి డీన్‌గారి మెడలో పోగైన దండలన్నీ నా మెడలోకి మారాయి. పూలకుప్పలోంచి నా ముక్కు మాత్రం బయటికి కనిపించేది. పుట్టి బుద్ధెరిగాక నేను మెలకువగా ఉండి మాట్లాడకుండా కూర్చోవడం అదే మొదలు.

“మరి సారు ఇంగ్లీషును మనకు సెప్పేదెవలు?” అన్నాడు పటేల్. అలవాటు కొద్దీ నా చేయి లేచింది. ఆయన చూశాడు. చేయి దిగింది.

“నేను చెప్త పటేలా” అని సబీహా లేచి నిలబడింది.

పటేల్ చెబుతుంటే డీన్‌గారికి ఆ పిల్లే సంగతంతా వివరించింది. ఆయన నా వైపు తిరిగి, కొన్ని వేల ఏళ్లు కదా అన్నాడు. తర్వాత కుర్చీ చేతులు పట్టుకొని ఎంత నవ్వాడంటే పక్కనున్న మైకు సిగ్గుపడి కూసింది. దారిలో మీవాళ్లు పెట్టిన పప్పు మా అవ్వ చేతి పప్పులా ఉందని చెప్పబోతే ఈయన నా నోట్లో పులుసు పోశాడని చెప్పాడు. సబీహా తెలుగులో చెప్పగానే చొక్కా చేతులు మడిచిన పోరగాళ్లే ముందు నవ్వారు. నా ప్రాణం సగం తిరిగొచ్చింది.

అప్పుడు జమీల్ భాయ్ లేచాడు. ఆయన వేదిక దగ్గరికి పోయి, డీన్‌గారి కళ్లలోకి చూశాడు.

“సార్, గడియారాల పని అని చెప్పి ఒక ఏజెంటు నన్ను గొర్ల కాడికి పంపిండు. డాక్టరు సదువని చెప్పి నా బిడ్డను మీరు యాడికి పంపుతరు?”

ఆ మాట ఇంగ్లీషులోకి మారేసరికి డీన్‌గారి ముఖంలో నవ్వు పోయింది. ఆయన మెల్లగా చెప్పాడు, సబీహా వెంటవెంటనే తెలుగు చేసింది. ఆయన ముత్తాతకు కూడా ఒక ఏజెంటు దొరికాడట. సముద్రం దాటితే చక్కెర జల్లెడ పట్టే తేలిక పని ఉందన్నాడట. నెలలు ఓడలో పోయి దిగితే చేతికి కత్తి ఇచ్చి చెరుకు తోటలోకి తోలారట. మా ఇంట్లో ఇప్పటికీ పిల్లలు ఏజెంటు అనే మాట అంటే నోరు కడుక్కోమంటారు అన్నాడు. జనమంతా ఒకేసారి నా వైపు తిరిగారు. నేను దండల్లోకి ఇంకాస్త దిగిపోయాను.

ఆ తర్వాత ఆయన నా కరపత్రాన్ని ఒక్కొక్క ముక్కా పీకి పారేశాడు. కాలేజీ కోట కాదు, మీ ఫంక్షన్ హాలు కంటే కాస్త పెద్దది. సముద్రం నీలం కాదు, బురద రంగు. ఊరు సముద్రం కంటే పల్లంలో ఉంటుంది, వాన పడితే వీధుల్లో నీళ్లు, నీళ్లు పోతే దోమలు. మంచి టీచర్లను తేవడం, తెచ్చినవాళ్లను నిలబెట్టుకోవడం ప్రతి ఏడూ గండమే. మొదటి నెలల్లో పిల్లలు ఇంటి మీద బెంగతో ఏడుస్తారు, అందరూ ఏడుస్తారు. ఆసుపత్రిలో పని మాత్రం చేతులతో చేయించి నేర్పుతాం, అందులో అబద్ధం లేదు. నేను నోరు తెరవలేక లోపల లోపలే హాహాకారాలు చేస్తున్నాను. నాకు నోరుంటే దోమలను కోయిలలు చేసి ఉండేవాణ్ని.

మసీదు ఉందా అని జమీల్ భాయ్ అడిగాడు. మా వీధిలో మసీదు, గుడి, చర్చి మూడూ ఉన్నాయి, ముగ్గురి మైకులూ ఒకేసారి మోగుతాయి, మీకు కొత్తగా ఉండదు అన్నాడు డీన్. జనం నవ్వారు. జమీల్ భాయ్ నవ్వలేదు. ఇక్కడికి తిరిగొచ్చి డాక్టరీ చేయాలంటే ఏం చేయాలని అడిగాడు.

ఒక పరీక్ష రాయాలని డీన్ చెప్పాడు. ఆ తర్వాత ఇంకో వాక్యం చెప్పాడు.

ఆ వాక్యం దగ్గర సబీహా ఆగిపోయింది. నాకు ఇంగ్లీషు అర్థమైంది కాబట్టి ఎందుకు ఆగిందో తెలిసింది. ఆ ఒక్క మాట మింగేస్తే ఎవరికీ తెలియదు. నేనైతే మింగి, మీద మంచినీళ్లు కూడా తాగేవాణ్ని. ఆ పిల్ల తండ్రి ముఖం చూసింది.

“గా పరీక్షల చానమంది ఫెయిలైతున్నరంటుండు అబ్బా” అంది. ఊపిరి తీసుకుంది. “నేను కాను.”

జమీల్ భాయ్ బిడ్డను చూశాడు, డీన్‌ను చూశాడు, చివరికి పూలకుప్పను చూశాడు. ఆ చూపు నాలోని పళ్లచక్రాలన్నీ లెక్కబెట్టింది.

“ముప్పుతిప్పలు పెట్టిన ఏజెంటు మంచిగనే మాట్లాడిండు ఆనాడు. అంత మంచిగుంటదన్నడు. గీ సారు అన్ని కష్టాలే చెప్తుండు. నా బిడ్డ ఒక్కటి సుత దాయలే.” ఆయన డీన్ వైపు తిరిగాడు. “పంపుత సార్. చెప్పు బేటా, పంపుతనని చెప్పు సారుకు.”

ఆ ఒక్క మాటను మాత్రం సబీహా ఇంగ్లీషు చేయలేకపోయింది. చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుంది. చేయనక్కర్లేదని డీన్‌గారు చేయి ఊపి, వేదిక దిగి వచ్చి జమీల్ భాయ్‌ను కౌగిలించుకున్నాడు. జనం జై తెలంగాణ అన్నారు. ఏమిటో తెలియకపోయినా డీన్‌గారూ అన్నాడు, అందరికంటే గట్టిగా. నాకు అరవాలని గొంతు దాకా వచ్చింది. పటేల్ చూస్తున్నాడు. కుర్చీ ఎక్కి దండలన్నీ గాల్లో ఎగిరేలా గంతులు వేశాను. మౌన దీక్షలో గంతులు వేయకూడదని రాసిపెట్టి లేదు.

అదే టెంటు కింద ఇంకెందరో తల్లిదండ్రులు డీన్‌గారి చుట్టూ మూగారు. దోమలు ఏ రకమో అడిగి మరీ పిల్లల పేర్లు ఇచ్చారు. కఫీల్ కావాలన్న ముసలాయన కూడా మనుమణ్ని తెచ్చి, “గీ సారు కఫీల్ అయితే నాకు ఒప్పుదలే” అన్నాడు. నా ఆఫీసు పుట్టినప్పటి నుంచి నేను గొంతు చించుకున్నా రానిది, గొంతు మూసుకున్న ఒక్క మధ్యాహ్నం వచ్చింది.

పొద్దు గూకాక నా నోటికి విడుదల దొరికింది. హైదరాబాద్ సారు ఫోను చేశాడు. ఇంతమందిని ఒప్పించావట, ఏం మాట్లాడావో చెప్పు, మిగతా ఊళ్లవాళ్లకూ నేర్పిస్తాను అన్నాడు.

“నేను ఒక్క ముక్క మాట్లాడలేదు సార్” అన్నాను.

“ఎంత వినయమయ్యా నీకు” అని ఆయన పొంగిపోయాడు.

సబీహా పోయింది, ఏడ్చింది, చదివింది, వచ్చింది, ఆ పరీక్షను మొదటిసారే కొట్టి పారేసింది. ఇప్పుడు జగిత్యాలలో ఆమె గది ముందు జనం బారులు తీరి ఉంటారు. గల్ఫు ఏజెంట్లు కూడా జ్వరమొస్తే ఆమె దగ్గరికే పోతారు.

కాబట్టి పాఠకులారా, మీ అందరి ముందు కుడిచేయి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను. ఒకరి పేరు మీద ఇంకొకరి ముఖం పెట్టను. ఒకరి నోటికి నేను దీక్ష పూనించను. అన్నిటికంటే ముఖ్యంగా, ఇక ఈ జన్మలో దేన్నీ గోరంత కూడా పెంచి చెప్పను. ఇది ఆ రోజు కోరుట్ల చౌరస్తాలో, ఆ చిన్న టెంటు కింద ఒద్దికగా కూర్చున్న మూడు లక్షల మంది జనం సాక్షిగా చేస్తున్న ప్రమాణం.